రెండు స్విచ్చుల దీపం

రాజ్యం మెట్ల మీంచి పడిపోయిందన్న కబురు వచ్చేసరికి పరదేశి కుడికంటికి ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. ముప్పై ఆరేళ్లుగా చోడవరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు కరెంటు పని చేసిన మనిషి. ఇప్పుడు తల వంచకూడదు, నిచ్చెన ఎక్కకూడదు అన్న డాక్టరు మాటకు కట్టుబడి నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేసింది రాజ్యం కొడుకు శివాజీ.

"మావయ్యా, అమ్మ మెట్ల మలుపులో బల్బు పోతే మారుద్దామని స్టూలెక్కిందట. షాక్ కొట్టి నాలుగు మెట్లు కిందకి పడిపోయింది. ఎడమ మణికట్టు ఇరిగింది. కట్టు కట్టించి ఇప్పుడే తీసుకొచ్చేం."

"తలకేటీ తగల్లేదు కదా?"

"లేదు గాని బాగా బయపడిపోయింది. స్విచ్ ఆపే ఎక్కేనంటంది. ఆపితే షాకెందుకు కొడతాది మావయ్యా? కంగార్లో ఆపడం మర్సిపోయుంటాది. నువ్వొకసారి ఒచ్చి సూస్తావేటి?"

పరదేశికి ఆ ఇల్లు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట పునాది దగ్గర్నుంచి ఆ ఇంటి కరెంటు పనంతా తనే చేశాడు. రాజ్యం అప్పటినుంచీ తనను అన్నయ్యా అనే పిలుస్తుంది. వెళ్లలేని స్థితి చెప్పి, దుర్గాదేవిని పంపుతానన్నాడు.

దుర్గాదేవి అతని తమ్ముడి కూతురు. ముప్పై రెండేళ్లుంటాయి. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానంటే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. "నిచ్చెనెక్కడానికి కాళ్లుంటే సాలు. ఆడగుంటైతే ఏటి, మొగగుంటడైతే ఏటి?" అని తమ్ముడితో దెబ్బలాడి ఆమెను చేర్పించింది పరదేశే. ఇప్పుడు ఆమెకు సొంతంగా పనులు వస్తున్నాయి. స్కూటీకి ముందు సామాను సంచి, వెనక మడత నిచ్చెన కట్టుకుని తిరిగే దుర్గాదేవిని చోడవరంలో తెలియనివాళ్లు తక్కువ.

రాజ్యం ఇంట్లో కింద పొడుగాటి నడవా, దాని చివర మెట్లు, మెట్లు తిరిగేచోట చిన్న మలుపు, పైన వసారా. మలుపులో ఒకటే దీపం. దానికి కింద నడవాలో ఒక స్విచ్, పైన వసారాలో ఒక స్విచ్. కింద వేసి పైకెళ్లి ఆపుకోవచ్చు, పైన వేసి కిందికొచ్చి ఆపుకోవచ్చు. మెట్లున్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే.

దుర్గాదేవి కొత్త బల్బు పెట్టి వెలిగించి చూసింది. కింది స్విచ్‌తో ఆపేసింది. దీపం ఆరిపోయింది. అప్పుడు రబ్బరు తొడుగు వేసుకుని బల్బు విప్పి, హోల్డర్ లోపలి మొనకు టెస్టర్ ఆనించింది. టెస్టర్ వెలిగింది. రెండో మొనకు ఆనించింది. అక్కడా వెలిగింది. ఆమె మెయిన్ ఆపేసి, కింది బోర్డు విప్పింది, తర్వాత పై బోర్డు విప్పింది.

సరైన పద్ధతిలో అయితే కరెంటు తెచ్చే ఫేజు వైరు స్విచ్చుల గుండా వెళ్తుంది, తిరుగు వైరైన న్యూట్రల్ నేరుగా దీపానికే వెళ్తుంది. రెండు స్విచ్చుల మధ్య రెండు వైర్లు నడుస్తాయి. ఆపితే దీపం దగ్గరికి కరెంటు రాదు. ఇక్కడ అలా లేదు. కింది స్విచ్‌కీ పై స్విచ్‌కీ పక్కన ఉన్న బోర్డులోంచే ఫేజు, న్యూట్రల్ రెండూ ఇచ్చి, ఒక్కో స్విచ్ నుంచి ఒక్కో వైరు దీపానికి తీసుకెళ్లారు. ఒక స్విచ్ ఫేజు ఇచ్చి, రెండోది న్యూట్రల్ ఇస్తే దీపం వెలుగుతుంది. రెండూ న్యూట్రల్ ఇస్తే ఆరిపోతుంది. రెండూ ఫేజు ఇచ్చినా ఆరిపోతుంది. కానీ అప్పుడు ఆరిన దీపంలో రెండు వైపులా నిండా కరెంటు ఉంటుంది.

ఇలా చేయకూడదని ఐటీఐలో మొదటి ఏడాదే చెప్పారు. బోర్డు మీద గీసి, దానిమీద ఎర్రసుద్దతో ఇంటూ పెట్టిన బొమ్మ ఆమెకు ఇప్పటికీ గుర్తు. వైరు జాయింట్లకు టేపు చుట్టి, దానిపైన తెల్లదారంతో మూడు చుట్లు కట్టి ఉంది. ఆ దారం చుట్లు పెదనాన్నవి. ఇంకెవరూ అలా కట్టరు.

రాజ్యం చేతికి కట్టుతో కింద నడవాలో కుర్చీలో కూర్చుని పైకి చూస్తోంది.

"ఏటయ్యింది దుర్గా? నా కళ్లతో సూసి, ఆపే ఎక్కేను. వీడేమో నువ్వు ఆపలేదంటాడు."

దుర్గాదేవి దారం చుట్ల మీంచి చూపు తిప్పుకుంది. "హోల్డర్ పాతదైపోయింది అత్తా. లోపల పగిలింది" అంది.

"అయితే ఆపినా కొడతాదా?"

"ఒక్కోసారి కొడతాది."

శివాజీ నవ్వాడు. "అలగెలగ కొడతాది? అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకని సెప్తన్నావులే."

దుర్గాదేవి సాయంత్రం దాకా ఉండి, పాత పైపులోంచి కొత్త వైర్లు లాగి, రెండు స్విచ్చులనూ సరిగ్గా కలిపింది. ఎన్ని రకాలుగా ఆపి చూసినా హోల్డర్‌లో టెస్టర్ వెలగలేదు. స్కూటీ తీసుకుని తిన్నగా పెదనాన్న ఇంటికి వెళ్లింది.

ఆమె చెప్పిందంతా పరదేశి విన్నాడు. విన్నకొద్దీ ముఖం బిగుసుకుంది.

"మా గురువు దాసుగారు నాకలగే నేర్పేరు. ఊళ్లో సగం మెట్లకి అలగే ఉంది. ముప్పై ఆరేళ్లలో ఎవులికైనా ఏటైనా అయ్యిందా?"

"రాజ్యం అత్తకి అయ్యింది కదా పెదనాన్నా."

"ఆపకుండా ఎక్కుంటాది."

"ఆపే ఎక్కింది."

"నువ్వు సూసేవా? రెండు పుస్తకాలు సదివి నాకు పని నేర్పుతావేటి?"

దుర్గాదేవి లోపలికి వెళ్లి స్టూలు తెచ్చింది. ఆ ఇంట్లోనూ మేడగదికి మెట్లున్నాయి, మలుపులో దీపముంది, రెండు స్విచ్చులున్నాయి. ఆమె స్టూలెక్కి, "స్విచ్ నువ్వే ఆపు పెదనాన్నా" అంది. పరదేశి ఆపాడు. ఆమె బల్బు విప్పి టెస్టర్ పెట్టింది. వెలగలేదు.

"సూసేవా?" అన్నాడు పరదేశి.

"పెద్దమ్మా, పై స్విచ్ నొక్కు. నువ్వు కిందది నొక్కు పెదనాన్నా. రెండూ మార్సితే మళ్లీ ఆరినట్టే కదా?"

పరదేశి భార్య చిన్నమ్మి పైకెళ్లి నొక్కింది. అతను కింద నొక్కాడు. టెస్టర్‌లో చిన్న ఎర్రదీపం వెలిగింది. పరదేశి నల్లకళ్లద్దాలు తీసేసి, మెట్ల మీదికి రెండడుగులు వేసి, బాగున్న కంటితో చూశాడు.

"అదేటి, ఆపేసినా ఎలుగుతంది?" అంది చిన్నమ్మి పైనుంచి. "నెలకోసారి ఆ బల్బు నానే కదా తుడుస్తాను, తడిగుడ్డెట్టి."

పరదేశి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "రాజ్యానికి ఏటని సెప్పేవు?" అని అడిగాడు.

"హోల్డర్ పగిలిందన్నాను."

"ఎందుకన్నావు?"

"నీ పేరు సెప్పలేకపోయేను."

మర్నాడు పొద్దున్నే దుర్గాదేవి స్కూటీ వెనక కూర్చుని పరదేశి రాజ్యం ఇంటికి వెళ్లాడు. డాక్టరు వద్దన్నాడని చిన్నమ్మి ఎంత చెప్పినా వినలేదు. రాజ్యం నడవాలోనే ఉంది. శివాజీ ఆఫీసుకు తయారవుతున్నాడు. కూర్చోమన్నా పరదేశి కూర్చోలేదు.

"అమ్మా, నువ్వు స్విచ్ ఆపేవు. సరిగ్గానే ఆపేవు. హోల్డర్ పగల్లేదు. నాను వైరింగు తప్పు సేసేను. దీపం ఆరినా అందులో కరెంటుండీలాగ కలిపేను. మా దాసుగారు అలగే నేర్పేరు. తెలీక సేసేను."

రాజ్యం అతన్ని చూడలేదు. కొడుకువైపు తిరిగింది.

"ఇన్నావా? ఆపేనని నాను సెప్పేనా, లేదా?"

శివాజీ చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు. "సెప్పేవమ్మా."

"డాక్టరు దగ్గర కూడా మర్సిపోయుంటాదనే సెప్పేవు. వయసైపోయింది, మతిమరుపన్నావు. నిన్నంతా నాకే అనుమానమొచ్చింది, నిజంగా ఆపేనా అని." అప్పుడు పరదేశివైపు చూసింది. "ఇరవై రెండేళ్లు అన్నయ్యా. పిల్లల్నెత్తుకుని ఆ దీపం కిందే తిరిగేను."

"అవునమ్మా."

"ఇంకెన్నిళ్లకి ఇలగ సేసేవు?"

"లెక్క తెలీదు."

"తెలుసుకో మరి. నాకు సెయ్యే ఇరిగింది. ఇంకోలికి ఏటవుతాదో."

ఆ లెక్క పరదేశి కంటే చిన్నమ్మికే బాగా తెలుసు. పెళ్లైన కొత్తలోనూ, ఆ తర్వాతా పని జరిగేచోటికి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లింది ఆవిడే. ఏ ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారో, ఏ ఇంట్లో బయటే నిలబెట్టారో ఆవిడకు గుర్తుంది. "కోపరేటివ్ బ్యాంకు ఎనకాల పచ్చరంగిల్లు, ఆళ్ల మెట్లకి నువ్వే సేసేవు. కోటపాడులో టీచరుగారిల్లు. గోవాడలో నూకరత్నం అత్తిల్లు, పెరట్లో పనసచెట్టున్నది" అని ఆవిడ చెబుతుంటే దుర్గాదేవి రాసుకుంది. మొదట పద్దెనిమిది ఇళ్లన్నారు. రెండు రోజులకు అది ఇరవై ఆరైంది.

దుర్గాదేవి తన పనులు పొద్దుట పూట చేసుకుని, మధ్యాహ్నం నుంచి పెదనాన్నను ఎక్కించుకుని బయల్దేరేది. ఇళ్ల దగ్గర మాట్లాడేది పరదేశి, నిచ్చెన ఎక్కేది ఆమె. అతను ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పేవాడు. "మీ మెట్ల దీపానికి నాను తప్పు వైరింగు సేసేను బాబూ. మా గురువు అలగే నేర్పేరు. తెలీక సేసేను. సరిసేసి ఎల్తాం, ఏటీ ఇయ్యక్కర్లేదు."

చాలామంది మంచిగానే తీసుకున్నారు. కొందరికి నమ్మకం కుదరక టెస్టర్ పెట్టి చూపించాల్సి వచ్చింది. ఒకావిడ అప్పటికప్పుడు పిల్లల్ని మెట్ల దగ్గర్నుంచి దూరంగా పొమ్మని అరిచింది. కృష్ణంరాజు అనే ఆయన మాత్రం గుమ్మంలోంచి లోపలికి రానివ్వలేదు. పండక్కే ఇంటికి రంగులు వేయించారట.

"పద్దెనిమిదేళ్లు బాగానే ఎలిగింది కదయ్యా. ఇప్పుడు గోడలు బద్దలుకొడతానంటావేంటి?"

"గోడలు ముట్టుకోం బాబూ. పాత పైపులోంచే వైరు లాగుతాం."

"పైపులో రాకపోతే?"

పరదేశి ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పలేకపోయాడు. "రాకపోతే కొంచెం కొట్టాలి" అన్నాడు. కృష్ణంరాజు తలుపు వేసేశాడు. ఒక కాగితం మీద 'బల్బు మార్చేముందు మెయిన్ ఆపండి' అని పెద్ద అక్షరాలతో రాయించి, మూడో రోజు మళ్లీ వెళ్లి ఆయన భార్య చేతిలో పెట్టి వచ్చాడు పరదేశి. ఆవిడ దాన్ని మెట్ల దగ్గర అంటించిందో లేదో తెలియదు.

పన్నెండు ఇళ్లయ్యాక గోవాడ వెళ్లారు. నూకరత్నం ఎనభై దాటిన మనిషి. చెవులు సరిగ్గా వినపడవు గానీ పరదేశిని పోల్చుకుంది. "సిన్నమ్మి బాగుందా? ఆ పిల్ల నా పనసకాయ కూర తిన్నాది" అని సంతోషపడింది. పరదేశి తన మాట గట్టిగా అరిచి చెప్పాడు. ఆవిడకు ఎంతవరకు అర్థమైందో గానీ చెయ్యి ఊపి లోపలికి పొమ్మంది.

దుర్గాదేవి ముందు టెస్టర్ పెట్టింది. దీపం ఆపి చూసింది. స్విచ్చులు మార్చి మళ్లీ ఆపి చూసింది. ఎలా ఆపినా హోల్డర్‌లో కరెంటు లేదు. ఆమెకు అర్థం కాలేదు. మెయిన్ ఆపి కింది స్విచ్ విప్పింది. తిన్నగా ఒకటే ఫేజు వైరు. పైకి వెళ్లే వైర్లు రెండు. పై స్విచ్ కూడా విప్పింది. ఆ రెండు వైర్లే వచ్చి కలిశాయి. న్యూట్రల్ ఎక్కడా స్విచ్‌కు తగల్లేదు. పుస్తకంలో గీసినట్టుంది.

"పెదనాన్నా, ఇది సరిగ్గానే ఉంది."

"ఎవులో మార్సుంటారు."

"ఎవులూ ముట్టుకోలేదు నాయనా" అంది నూకరత్నం. ఆ ముక్క మాత్రం వినపడింది ఆవిడకు. "నువ్వు కట్టినాక బల్బులు తప్ప ఏటీ మార్సలేదు."

పరదేశి దగ్గరికొచ్చి చూశాడు. జాయింట్ల మీద తెల్లదారం మూడు చుట్లు. పసుపుపచ్చగా పాతబడి ఉంది. అతను దాన్ని వేలితో ముట్టుకున్నాడు. తర్వాత తలెత్తి మెట్ల పైకి చూశాడు. అక్కడ ప్లగ్ బోర్డు లేదు. ఫ్యాన్ బోర్డు లేదు. ఈ ఇంటికి పైన గదులు వేయలేదు, ఒట్టి డాబాయే. పైన ఫేజు గానీ న్యూట్రల్ గానీ తీసుకోడానికి ఏమీ లేదు. అందుకని కిందినుంచే రెండు వైర్లు లాగాల్సి వచ్చింది. లాగాడు. ఏ తప్పూ లేకుండా లాగాడు.

"ఈ ఇల్లు ఎప్పుడు కట్టేరు అత్తా?" అని దుర్గాదేవి అరిచి అడిగింది.

"మా పెద్దోడి పెళ్లేడాది. ఇరవై అయిదేళ్లు దాటింది."

రాజ్యం ఇంటికంటే మూడేళ్లు ముందు. దుర్గాదేవి ఆ లెక్క పైకి అనలేదు. స్విచ్చులు బిగించేసింది. నూకరత్నం పెట్టిన బెల్లం జంతికలు పట్టుకుని బయటికి వచ్చారు.

తిరిగొచ్చే దారిలో చెరకు ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఎదురుగా ఒక లారీ వచ్చి రోడ్డు మూసుకుపోయింది. దుర్గాదేవి స్కూటీ పక్కకు తీసి ఆపింది. పరదేశి దిగి, ఎండుటాకులు రాలిన గట్టు మీద నిలబడ్డాడు.

"దాసుగారు రెండూ నేర్పేరు" అన్నాడు.

దుర్గాదేవి హెల్మెట్ తీసింది.

"ఇదీ నేర్పేరు, అదీ నేర్పేరు. అర్జంటైతే అలగ సెయ్యొచ్చు గాని మంచిది కాదనేవారు. నాకు అలగ సేస్తే పూట కలిసొచ్చేది. వైరు తక్కువ పట్టేది. ఇంటోళ్లకీ బాగుండేది. దీపం ఎలిగితే సాలు కదా ఎవులికైనా. అలగలగ సేసి సేసి, అదొక్కటే తెలుసునన్నట్టు అయిపోయేను. మొన్న నీతో దెబ్బలాడినప్పుడు కూడా అబద్ధమాడలేదే. నిజంగానే తెలీదనుకున్నాను."

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"దారం సూసేక గుర్తొచ్చింది. ఆ రెండో వైరు పైపులో ఇరుక్కుంటే నూనె రాసి లాగేను. ఆ మజ్జాన్నం సిన్నమ్మి అక్కడే ఉంది."

లారీవాడూ ట్రాక్టరువాడూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. దుర్గాదేవికి పెదనాన్నను ఓదార్చే మాటేదైనా అనాలనిపించింది. 'నువ్వు కావాలని చేశావా' అనబోయి ఆగింది. అలా అంటే అది కూడా హోల్డర్ పగిలిందన్న మాటలాంటిదే అవుతుందనిపించింది.

"రేపు కోటపాడు ఎల్లాలి" అంది. "టీచరుగారిల్లు."

"ఎల్దాం."

కోటపాడులో ఆ టీచరుగారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన కోడలు ఇందు ఉంటోంది. విశాఖలో ఉద్యోగం చేసే భర్త శనివారాలు వస్తాడు. తలుపు తీసిన ఇందుకు పరదేశి ఎవరో తెలియదు. అతను తన పేరు, వచ్చిన పని చెప్పాడు. అలవాటుగా నోటికొచ్చిన 'మా గురువు' అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"సరైన పద్ధతి నాకు తెలుసమ్మా. తెలిసే ఇలగ సేసేను."

ఇందు అతని ముఖంలోకి చూసింది. "తెలిసి ఎందుకు చేసేరండి?"

"తొందరగా అయిపోద్దని."

ఆమెకు కోపమొచ్చినట్టు ముఖంలో తెలిసింది. ఏదో అనబోయి, లోపల పిల్ల ఏడుస్తుంటే వెళ్లి ఎత్తుకొచ్చింది. "మెయిన్ పెరటివైపుంది. త్వరగా చేసేయండి, పాపకి అన్నం వండాలి" అంది. పని అయ్యేదాకా మెట్ల కిందే నిలబడి దుర్గాదేవి చేసే ప్రతి పనినీ చూస్తూనే ఉంది. అయ్యాక టెస్టర్ అడిగి తీసుకుని, నిచ్చెనెక్కి తనే పెట్టి చూసుకుంది. పరదేశి కింద నిలబడి, ఏ మొనకు పెట్టాలో చెప్పాడు.

మార్చి నెలాఖరుకు ఇరవై ఆరింట్లో ఇరవై రెండు ఇళ్లు అయ్యాయి. ఒక ఇల్లు పడగొట్టి షాపులు కట్టేశారు. రెండిళ్లవాళ్లు తాళం వేసి విశాఖ వెళ్లిపోయారు. వాళ్ల ఫోన్ నంబర్లు సంపాదించి దుర్గాదేవి మాట్లాడింది. కృష్ణంరాజు ఇల్లు అలాగే ఉండిపోయింది. గోవాడకు ముందు 'తెలీక చేశాను' అని చెప్పిన ఇళ్లకు మళ్లీ వెళ్లి ఆ మాట మార్చి చెప్పాలా అని పరదేశి చాలా రోజులు ఆలోచించాడు. పని అయిపోయింది కదా, ఇప్పుడు ఎవరికి ఉపయోగం అంది చిన్నమ్మి. చివరికి ఒక్క ఇంటికి వెళ్లాడు.

రాజ్యానికి కట్టు విప్పేశారు. చేతిలో మెత్తటి బంతి పెట్టుకుని నొక్కుతోంది. పరదేశి గోవాడ సంగతి చెప్పాడు. ఆవిడ బంతి నొక్కడం ఆపి విన్నది.

"ఇప్పుడు నాకెందుకు సెప్తన్నావు?"

"నువ్వు స్విచ్ ఆపేనంటే ఎవులూ నమ్మలేదు. నాను తెలీక సేసేనంటే అందరూ నమ్మేసేరు. అది బాగోలేదమ్మా."



"తెలీక సేసేవంటే కోపం కొంచెం తగ్గింది అన్నయ్యా. ఇప్పుడు మళ్లీ వచ్చింది."

"రానీ."

"ఇది తగ్గుద్దో లేదో నాకు తెలీదు."

"తగ్గాలని రాలేదు."

ఆవిడ బంతిని పక్కన పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే చాపి ముడిచి చూసుకుంది. చిటికెన వేలు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు.

"పైన వసారాలో ఫ్యాను సప్పుడు సేస్తంది" అంది. "దుర్గని పంపు. నువ్వు కాదు."

"అలగే" అన్నాడు పరదేశి. గుమ్మం దిగి, చెప్పులు వేసుకుంటూ దుర్గాదేవికి ఫోన్ చేశాడు.